ఓడ దిగిన రోజు నుంచి లెక్క

ఇలోయిలోలో ఆ వీధి నిండా ఓడ ఉద్యోగుల ఇళ్లే. అక్కడ కడుపుతో ఉన్నవాళ్ల నెలలను మగవాడు ఓడ దిగి ఇంటికొచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. రెమెదియోస్ తన నలుగురినీ అలా లెక్కపెట్టే కన్నది.

సోమవారం మంత్రసాని ఇసాబెల్ వచ్చి కోడలు జోవెలిన్ పొట్ట కొలిచింది. ముప్పై తొమ్మిది వారాలు నిండాయనీ, ఇక ఎప్పుడు పుట్టినా నెలలు నిండిన బిడ్డేననీ చెప్పి వెళ్లింది. జోవెలిన్ మురిసిపోయింది. రెమెదియోస్ జపమాల తీసుకుని పూసకో ఆదివారం చొప్పున వెనక్కి తిప్పింది. లెక్క జనవరి మధ్యలో ఆగింది. కొడుకు ఆర్నెల్ ఓడ దిగింది ఆ నెలాఖరున, డప్పుల పండుగ నాడు. రెండు ఆదివారాలు తేడా. మళ్లీ తిప్పింది. అవే రెండు.

కోడలిని అనుమానించడం లేదని తనకు తానే చెప్పుకుంది. చెప్పుకోవలసి వచ్చినందుకు సిగ్గుపడింది. ఆ సిగ్గులోనే మునగాకు చారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

"సముద్రాన్నే కాచావా అత్తా? కొడుకు మీద అంత బెంగా?" అని నవ్వి, జోవెలిన్ గిన్నె ఖాళీ చేసింది. ఆ నవ్వు ముందు కూర్చోలేక రెమెదియోస్ లేచిపోయింది.

మర్నాడు ఇసాబెల్ ఇంటికి వెళ్లి ఎండు చేపల గురించీ, వానల గురించీ మాట్లాడింది. చివరికి, ముప్పై ఏడు వారాలకే చాలంటారు కదా, మరి నువ్వు ఇంకో రెండు వారాలు గడిచాకే నెలలు నిండాయని ఎందుకన్నావని అడిగింది. ఆ రెండు వారాల్లో బిడ్డ ఊపిరితిత్తులూ మెదడూ ఇంకా గట్టిపడతాయని ఇసాబెల్ చెప్పింది. రెమెదియోస్ అయినా కదల్లేదు.

"నువ్వొచ్చింది దానికి కాదులే. లెక్క ఎక్కణ్ణుంచి మొదలని కదూ?" అంది ఇసాబెల్. "బిడ్డ ఏ రోజు కడుపున పడిందో ఎవరికి తెలుసమ్మా? అందుకే ఆఖరుసారి ముట్టయిన రోజు నుంచి లెక్కపెడతాం. మొదటి రెండు వారాలూ కడుపులో ఎవరూ ఉండరు. ఈ వీధిలో ప్రతి అత్తా ఈ ప్రశ్న పట్టుకునే వస్తుంది. నువ్వే ఆలస్యం."

రెమెదియోస్‌కు ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. దారి పొడుగునా ఒక్కతే నవ్వుకుంటూ వచ్చింది.

శుక్రవారం పొద్దున ఆడపిల్ల పుట్టింది. ఇరుగుపొరుగు చుట్టూ మూగి ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని వాదులాడుకున్నారు. మళ్లీ ఓడెక్కిన ఆర్నెల్ ఫోన్‌లో ఏడుస్తూ, గడ్డం తనదేనన్నాడు. నువ్వేమంటావని అందరూ నానమ్మను అడిగారు.

రెమెదియోస్ పిల్లను గుండెకు హత్తుకుంది. ఆమెకు పోలికలు వెతకబుద్ధి కాలేదు.