దొరలు పులిని చూసిన ఆదివారం

మలయాకు మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, రావడానికి ముందు ఏడాది, బటాంగ్ బెర్జుంటై దగ్గర మా రబ్బరు తోటలో ఎవరి చోటు వాళ్లకుండేది. సర్కారు మీద తిరగబడ్డ కమ్యూనిస్టులు అడవిలో, కూలీలం ముళ్లకంచె లోపల. ఈ రెంటి నడుమ కాలినడకన జంతువుల్ని చూసి ఆనందిద్దామని మా దొర స్నేహితుడు, ఆయన భార్య కౌలాలంపూర్ నుంచి వచ్చారు. మా దొర కూడా వాళ్లతో బయల్దేరి, దారులు తెలిసినవాణ్ణని నన్ను ముందు నడవమన్నాడు. పులికి మొదట ఎవరు కనిపించాలో దొరకు బాగా తెలుసు.

గేటు దగ్గర సార్జెంటు నా అన్నం మూట లాక్కున్నాడు. గుప్పెడు అన్నం బయటికి పోతే కమ్యూనిస్టులు బలిసిపోతారని సర్కారు భయం. స్నేహితుడి భార్య, ఆ దొరసాని బుట్టలో రొట్టెలు, చేప డబ్బాలు, కేకు ఉన్నాయి. వాటిని కమ్యూనిస్టులు ముట్టరు కాబోలు, సలాం కొట్టి వదిలేశాడు. నాకిస్తే తినేస్తానని ఆవిడే బుట్ట పట్టుకుంది.

రెండు మైళ్లు నడిచాక పొద కదిలింది. బుట్ట అక్కడే పడింది, పులేనని ముగ్గురూ వెనక్కి చూడకుండా పరుగు. పొదలోంచి వచ్చింది టేనుక్. సగం నలుపు, సగం తెలుపు, ముక్కు సాగిన పందిలా ఉంటుంది. ఆకులు తప్ప తినదు, మనిషి కనబడితే తానే పారిపోతుంది. ఆ రోజు దానికా అవకాశం దక్కలేదు. దారి చూపేవాణ్ణి కదా, నేనూ వాళ్ల వెనకే పరుగెత్తాను.

"బుట్టేదీ?" అన్నాడు గేటు దగ్గర సార్జెంటు.

"కూలీవాడు పారేశాడు," అంది దొరసాని.

అడవిలో తిండి వదిలితే కమ్యూనిస్టులకు పెట్టినట్టే. అలాంటివాళ్లను ఓడెక్కించి ఇండియాకు పంపేస్తున్నారు. నేను పుట్టి బుద్ధెరిగాక చూడని దేశం. నా భార్య పుష్పవల్లి, పిల్లలు ఇక్కడే మిగిలిపోతారు.

తోట గుమస్తా వెంకటరావు నన్ను పక్కకు లాగాడు.

"ఒరే కాంతయ్యా, దొర పులిని సూసినానంటన్నాడు. నువ్వేటి సూసినావు?"

"టేనుక్ బాబూ."

"నోర్ముయ్! టేనుక్‌ని సూసి దొర పరిగెత్తినాడని కాయితం మీద రాయమంటావేటి? పులని సెప్పు. పులొస్తే ఎవులి సేతిలోదైనా జారిపోద్ది. లేకపోతే నీకు ఓడేరా!"

సార్జెంటు ముందు నాకొచ్చిన మలయ్ భాషలో పులికి ప్రాణం పోశాను. ఎంత పొడుగో, ఎలా గర్జించిందో, దొర నన్నెలా కాపాడాడో అన్నీ చెప్పాను. దొరసాని కళ్లు మెరిశాయి. నన్ను వదిలేశారు. అతిథులిద్దరూ చీకటి పడకముందే కారెక్కి పారిపోయారు. కూలీల లైన్ల ఇళ్లలో మావాళ్లందరికీ జరిగింది చెబితే పొట్టలు పట్టుకుని నవ్వారు.

మర్నాడు తెల్లారి హాజరుకు, రోజూ ఒక తుపాకీతో వచ్చే దొర రెండు తుపాకులతో వచ్చాడు. గుమస్తా పేర్లు చదివాడు. సరిగ్గా ఆ అడవి అంచునే రబ్బరు పాలు తీయడానికి పుష్పవల్లి, ఇంకో తొమ్మిదిమంది ఆడవాళ్లు. దొర సరేనని తల ఊపాడు.

పుష్పవల్లి నవ్వుకుంటూ బకెట్లు తీసుకుని వెళ్లింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండిపోయింది. అక్కడ పులి ఉందని ఆ తోట మొత్తంలో నమ్మినవాడు దొర ఒక్కడే.