వేలికొసల చూపు

పొగాకు గ్రేడు చేస్తున్న చేతులను కొంగుకు తుడుచుకుని, లిదియా పాప ముంజేయి మరోసారి తడిమింది.

"ఎరుపు పోయింది గదనే, ఇంక దవాఖానా ఎందుకు? తొమ్మిదో తరగతి తప్పినదానివి, డాక్టరీ గిట్ల నేర్చినవా ఏంది?" అన్నాడు భర్త షాలేమ్‌రాజు, దగ్గు ఆపుకుంటూ.

రెండేళ్ల బ్లెస్సీకి పొద్దుగూకితే జ్వరం. టీబీ ఏమోనని మంగళవారం చేతికి సూది వేసి, గురువారం చూపించమన్నారు. ఇవాళ్టికి ఎరుపు నిజంగానే పోయింది. కానీ వేలు ఆనిస్తే చర్మం కింద చింతగింజంత గట్టిగా తగులుతోంది. ఏ ఆకు మెత్తనో, ఏది పెళుసో కళ్లు మూసుకుని చెప్పే వేళ్లవి. ఆకు గ్రేడు చేసేది ఆమె, మెప్పు మాత్రం భర్తది. ఆ వేళ్లనే నమ్ముకుని, పాపను చంకనేసుకుని, బూర్గంపాడులో ఆటో ఎక్కి, గోదావరి దాటి దవాఖానాకు చేరింది.

నర్సు తబితా కూడా కళ్లు మూసుకునే తడిమింది. "ఎరుపుతో పనిలేదమ్మా. గట్టిదనమే చూడాలె."

"గది ఎట్ల గట్టిపడ్డది సిస్టరమ్మా?"

"టీబీని ఎరిగిన నెత్తుట్ల తెల్లకణాలు సూది వేసిన కాడికి వచ్చి గుమిగూడినయి. వాటికి కళ్లుంటయా? ఆనుకుని, నొక్కి, గుంజి చూసుకుంటయి, ఏది మెత్తన, ఏది గట్టి అని. క్యాన్సర్ గడ్డ దగ్గర గూడ గట్లనే తడుముకుంటయంట. పెద్ద పెద్దోళ్లు ఇప్పుడిప్పుడే కనుక్కుంటున్నరు."

లిదియా పాప ముంజేతిని దగ్గరికి తీసుకుని చూసింది. ఇంత చిన్న చేతిలో, దీపమైనా లేని చీకట్లో, లెక్కలేనన్ని ప్రాణాలు తడుముకుంటూ తన బిడ్డను కాస్తున్నాయా! వాటికి ఏ బడి నేర్పింది? బడి మాన్పించిన నాటి నుంచి తనకేమీ తెలియదనే అనుకుంటూ వచ్చింది. తడిమి తెలుసుకున్నదీ తెలివేనా? పాప చేతిని పెదవులకు ఆనించుకుంది, లోపలున్నవాళ్లకు దండం పెట్టినట్టు.

తబితా స్కేలు పెట్టింది. "పద్నాలుగు మిల్లీమీటర్లు. పది దాటితే టీబీ అంటినట్టే. ఎక్స్‌రే తీద్దాం, మందులున్నయి, భయపడకు. ఎవరి దగ్గర్నుంచో అంటింది. ఇంట్ల దగ్గేటోళ్లు లేరన్నవు గదా మొన్న?"

అలా చెప్పమన్నది షాలేమ్‌రాజే. "టీబీ అని తెలిస్తే ఊళ్లె తలెత్తుకోలేను. ఎవరు లేరని చెప్పు," అన్నాడు. మంగళవారం ఆమె అలాగే చెప్పింది.

"అబద్ధమాడిన సిస్టరమ్మా," అంది లిదియా. "రాసుకోండి, షాలేమ్‌రాజు, మా ఆయన. మూడు నెలల దగ్గు. రేపు నేనే తోలుకొస్త."