మంచం కింద పలక

స్టాప్‌వాచీ సెల్లు మార్చాలి, ట్యాబు చార్జింగు పెట్టుకోవాలి, చెక్క పలకను స్పిరిటుతో తుడవాలి, పుల్లలన్నీ డబ్బాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి, వచ్చేటప్పుడు నాయనకు బీపీ గోలీలు తేవాలి, ఎండ ముదరకముందే నాచారంలో బిక్షపతి ఇంటికి చేరాలి, గుమ్మంలో చెప్పులు విడవకముందే చెప్పొద్దని చెప్పాలి, ఆ ఒక్కటి మరిచిపోతే మిగతావన్నీ చేసీ దండగే అనుకుంటూ అమృత ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఇరుక్కుని కూర్చుంది, పక్కనామె కొత్తిమీర సంచి మోకాలికి తడిగా తగులుతోంది, చెప్పొద్దని చెప్పడమే తన ఉద్యోగం అంటే ఇంట్లో ఎవరూ నమ్మరు, నాయన రామస్వామి అయితే మా బిడ్డ చేతుల డాక్టరని తను పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరికీ చెప్పుకున్నాడు, డాక్టర్ను కాదు నాయనా ఫిజియోను, ఇప్పుడు అది గూడ చేస్తలేను, ఊకె కొలుస్తున్న అంటే, కొలిచేటోళ్లే పెద్దోళ్లు బిడ్డా అని నవ్వాడు, ఆయనకెట్లా చెప్పడం, మిషన్లలో చేతులు నలిగిన కార్మికులకు ఇంటికే వెళ్ళి వ్యాయామం నేర్పితే చెయ్యి ఎంత తిరిగి వస్తుందో తేల్చే పరిశోధన ఇది, సగం మందికి వేరే ఫిజియో ఇంటికి వెళ్ళి నేర్పుతాడు, మిగతా సగం మందికి దవాఖానలో మామూలుగా చెప్పి పంపేదే, ఎవరు ఏ సగమో కొలిచే మనిషికి తెలియకూడదు, తెలిస్తే మన బొటనవేలు మనకు తెలియకుండానే స్టాప్‌వాచీని ముందో వెనకో నొక్కేస్తుందమ్మా అని ఈ పరిశోధన నడిపే జనార్ధనరావు సారు ఆమె చేరిన రోజే చెప్పారు, ఆ మాట ఆమెకు నచ్చింది కూడా, తన వేలిని కూడా నమ్మని పని, ఇంత శుభ్రమైన పని తమ ఇంట్లో ఇంతకుముందు ఎవరూ చేయలేదు.

అక్కా, అన్నకు ఎవరన్న ఏమన్న నేర్పిన్రా లేదా అనేది నాకు చెప్పొద్దు అని గడప బయట నిలబడే అన్నది, బిక్షపతి భార్య దుర్గమ్మ బియ్యం చాట పక్కకు పెట్టి, ఎరికే బిడ్డా, పోయినసారి గూడ గదే పాట, రోగం చెప్పొద్దనే డాక్టరమ్మను నిన్నొక్కదాన్నే సూసిన అని లోపలికి రమ్మంది, రేకుల ఇల్లు, సందు చివర ఫ్యాక్టరీ ఏదో దడదడమంటోంది, బిక్షపతి అప్పుడే మొహం కడుక్కుని, నూనె పెట్టి తల దువ్వుకుని, స్టూలు ముందు చాప మీద తయారుగా కూర్చుని ఉన్నాడు, ఇంత తయారు ఎందుకో అప్పుడే ఆలోచించాల్సింది, ఆలోచించలేదు, పలక ముందు పెట్టింది, పని చిన్నదే, గిన్నెలోని పుల్లల్ని ఒక్కొక్కటిగా తీసి పలక బెజ్జాల్లో నిలబెట్టాలి, మళ్ళీ తీసి గిన్నెలో వేయాలి, కుడి చేత్తోనే, ఎంత వీలైతే అంత వేగంగా, పోయినసారి ఈ చేత్తోనే, ప్రెస్సు కింద పడి నడిమి వేలూ ఉంగరపు వేలూ చితికి అతికించిన ఈ చేత్తోనే పుల్ల పట్టబోతే జారి మంచం కిందికి దొర్లింది, మళ్ళీ పడితే మళ్ళీ జారింది, దుర్గమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది, ఆ పుల్లలు ఏరుకుంటూ అమృత కూడా తల ఎత్తలేదు, ఇప్పుడేమో టకటకా టకటకా కోడి గింజలు ఏరినట్టు ఏరి నిలబెట్టాడు, తీశాడు, అయిపోయింది, వాచీ ఆపి చూసుకుని మళ్ళీ చూసుకుంది, అబ్బ, వ్యాయామం నేర్పిన సగంలో ఉన్నాడన్నమాట, ఛ అట్లా అనుకోకూడదు, ఊహించడం కూడా తప్పే, అయినా లోపల ఏదో వెచ్చగా పొంగింది, పనిచేస్తోంది, సారు పెట్టిన వ్యాయామం పనిచేస్తోంది, మొహం మామూలుగా పెట్టుకుని ట్యాబులో నంబరు కొట్టింది.

దుర్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఏందక్కా అంటే, చెప్పొద్దన్నవు గని సూపియొద్దనలేదు గదా అని వంగి మంచం కింద నుంచి ఒక చెక్క లాగి ముందు పెట్టింది, మొదట అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది, తన పలకే, అంటే తన పలకలాంటిదే, ఏదో పాత తలుపు ముక్కకు వరసగా బెజ్జాలు, పుల్లలకు బదులు తలలు కోసేసిన మేకులు, ఆ మేకులు వేళ్ళతో పట్టి పట్టి తెల్లగా మెరుస్తున్నాయి, మా తమ్ముడు ఉప్పలయ్య వడ్ల పని, గదే చెక్కపని జేస్తడు మేడం, నేను చెప్తుంటె జేసిచ్చిండు అన్నాడు బిక్షపతి, లేస్తె గిదే, పంటె గిదే, తిండి యాదుండదు ఈయనకు అన్నది దుర్గమ్మ, బిక్షపతి గొంతు తగ్గించి, అమృత రిజల్టు రోజు నాయన ఇంటర్నెట్ షాపు బయట నిలబడి అడిగినట్టే అడిగాడు, పాసయిన్నా మేడం.

ఏం పాసన్నా అంటే, గదే, ఎక్సర్‌సైజు నేర్పేటోళ్ల కాడ పేరు రాస్తరు గదా, వెనక గల్లీల లక్ష్మీకాంత్‌కు రాసిన్రు, ఇంటికే వచ్చి నేర్పుతున్నరు, ఆయన మొదటిపాలే పాసయిండు, నేను ఫెయిలైన, గందుకే ఈపాలి గట్టిగ తయారైన, లేదన్నా ఇది పరీక్ష కాదు, ఎవరికి నేర్పాలనేది చీటీ తీసినట్టు కంప్యూటర్ తీసింది, సంతకం పెట్టినప్పుడు చెప్పిన్రు గదా, చెప్పిన్రు మేడం కంప్యూటర్ తీస్తదనే చెప్పిన్రు, ఏం సూడకుంట ఎట్ల తీస్తది, నీ కాలేజి సీటు గూడ కంప్యూటరే ఇచ్చింది గదా, మార్కులు సూసే ఇచ్చింది గదా, నిజమే, అమృతకు తెలిసిన లోకంలోనూ కంప్యూటర్ ఊరికే ఎవరికీ ఏదీ ఇవ్వలేదు, రాత్రీ పగలూ చదివితేనే ఇచ్చింది, మరి చెప్పొద్దన్నది చెవుల్లో పడిపోయింది, ఇప్పుడిక ఈయనకు ఎవరూ నేర్పలేదని ఆమెకు తెలుసు, తెలిసిన చెవుల్ని ఏం చేసుకోవాలి, చాయ్ వచ్చింది, బిక్షపతి గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు, అప్పుడు చూసింది, అంగీ బొత్తాలు దుర్గమ్మ వచ్చి పెట్టింది, కుడి చెయ్యి పిడికిలి పట్టమంటే ఆ రెండు వేళ్ళూ సగంలోనే ఆగి కర్రల్లా నిలబడ్డాయి, పుల్ల పట్టడానికి బొటనవేలూ చూపుడువేలూ చాలు, ఆ రెంటినే ఆయన అరగదీశాడు, సుత్తె పట్టాలంటే నాలుగూ ముడవాలి, దసరా పోయినంక వచ్చి సుత్తె పట్టి చూపియ్యి, పడ్తే పనిల పెట్టుకుంటం, లేకుంటె లేదు అన్నడు మా సూపర్‌వైజరు అని ఆయన నవ్వుతూనే చెప్పాడు, పాసైనవాడి నవ్వు, ఆ కీళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి, ఈ వేలు ఇట్లా పట్టి, ఇక్కడ ఆపి, ఇట్లా వంచాలి అని చూపిస్తే చాయ్ చల్లారేలోపు నేర్చుకుంటాడు, దీనికోసమే కదా ఆమె చదివింది, దీనికోసమే కదా అమ్మ పుస్తెలు బ్యాంకులో పెట్టింది, చెయ్యి దానంతట అదే ముందుకు కదిలింది, ఆ చేత్తో తన పలక తీసి బ్యాగులో పెట్టుకుంది, దవాఖానకు పోతలేవా అన్నా అని మాత్రం అడిగింది, పోయిన మేడం, మంచిగనే చెప్తరు, గని పోయినప్పుడల్లా ఈమె కూలి పోతది, ఒంటి చేత్తో బస్సెక్కనియ్యది, తోలుకపోవాలె గదా అన్నాడు.

సందు మొదట్లో నిలబడి సారుకు ఫోన్ చేసింది, అంతా చెప్పి, ఆ రెండు వేళ్ళు వంచడం నేర్పనా సార్ అని అడిగింది, నాక్కూడా బాధగానే ఉందమ్మా, కానీ దసరా అయ్యాక ఇంకో కొలత మిగిలి ఉంది కదా, అప్పటిదాకా మనవైపు నుంచి ఎవరూ నేర్పకూడదు, ఈ పరిశోధన నిలబడితేనే కదా రేపు ప్రతి బస్తీకీ ఒక ఫిజియోను పంపమని మనం అడగగలిగేది, ఒకరికి నేర్పితే ఇంకొకరికి ఎందుకు నేర్పవు అన్నారు, నిజమే అనిపించింది, అదే కష్టం, ఆయన చెడ్డవాడైతే ఎంత బాగుండేది, మరి నంబరు తప్పు గదా సార్, తప్పు కాదమ్మా, ఆ పని ఆయన ఆ వేగంతో నిజంగానే చేశాడు, నువ్వు ఒక లైను రాసి పెట్టు, సగటులో సర్దుకుంటుంది, ఇకమీదట ఆయన్ను వేరేవాళ్ళు కొలుస్తారులే అన్నారు, ఆ ఒక్క లైను ఏమని రాయాలో తెలియక ఇంట్లో సాధన చేశారు అని కొట్టింది, కొట్టాక చదివితే మెచ్చుకున్నట్టు ఉంది, వెనక నుంచి బిక్షపతి సందు దాకా వచ్చాడు, మళ్ల ఎప్పుడొస్తరు మేడం, గప్పటికి ఇంక ఫాస్టు చేస్త, వద్దన్నా ఆ చెక్క పక్కన పెట్టు అనబోయింది, అది చెప్పడం కూడా నేర్పడమే అవుతుందేమో, పోయొస్త అన్నా అన్నది, ఆయన దండం పెట్టాడు, రెండు అరచేతులూ కలిశాయి, ఆ రెండు వేళ్ళు మాత్రం కలవకుండా వంకరగా పైకి నిలబడ్డాయి.

ఉప్పల్‌లో దిగి, గోలీలు కొని, రోడ్డు మీది గుండ్రటి వంతెన ఎక్కి రెయిలింగు పక్కన నిలబడింది, కింద వరంగల్ బస్సులు, హారన్లు, ట్యాబు పంపాలా అని అడుగుతోంది, దానికి కావాల్సింది నంబరు, నంబరు ఉంది, బొత్తాలు పెట్టుకోలేడు అని రాయడానికి గడి లేదు, పరీక్ష అనుకున్నాడు అని రాయడానికి గడి లేదు, నేర్పకున్నా ఇంత వేగమా, మరి నేర్పడం ఎందుకు అంటారు రేపు, ఎంత కష్టపడి చదివితే అంత దూరమయ్యే సీటు కోసం ఒక మనిషి మేకులు అరగదీశాడు, నొక్కింది, వెళ్ళిపోయింది, పచ్చటి టిక్కు వచ్చింది, నంబరు అబద్ధం కాదు, ఆ వేళ్ళూ అబద్ధం కాదు, రెంటినీ ఒక్కచోట చూసింది తనొక్కతే, ఆ చూసింది దించుకోవడానికి ఎక్కడా చోటు లేదు, చెప్పడం తప్ప, చెప్పొద్దనే మనిషికి ఇక మిగిలిన పని చెప్పడమే అని అమృతకు అక్కడ, ఆ ఎండలో తెలిసింది, కనుక ఎప్పుడైనా ఒక పేపర్లోనో పుస్తకంలోనో, ఎవరూ ఏమీ నేర్పకున్నా కొందరు వాళ్ళంతట వాళ్ళే మెరుగయ్యారు అన్న మాట మీ కంట పడితే, పేజీ తిప్పకుండా జర ఆగండి, నాచారంలో మంచం కింద చెక్క పలక పెట్టుకుని మీ దగ్గర పాసవుదామని తల దువ్వుకుని కూర్చున్న బిక్షపతిని యాది చేసుకోండి.