ఆమె పుట్టిన ఊరు

ఇత్తడి రజను ఊదేసి, తాళంచెవిని వెలుతురు వైపు ఎత్తి చూశాడు. మధ్య పన్ను ఇంకాస్త తగ్గాలి. మళ్లీ బిగింపులో పెట్టి ఆకురాయితో నెమ్మదిగా రాయసాగాడు. ఆ పని చేసేటప్పుడు అతని ఎడమకన్ను దానంతటదే మూసుకుపోయేది. ఏళ్ల తరబడి అలా మూసీ మూసీ, పని లేనప్పుడు కూడా అది కుడికన్నుకంటే చిన్నదిగానే కనిపించేది. కొత్తవాళ్లు తమను అనుమానిస్తున్నాడేమోనని అనుకునేవారు.

అందరూ అతన్ని తాళాలాయన అనేవారు. అసలు పేరు అతని భార్యకూ ఆస్పత్రి చీటీకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. సెలూను గోడకు ఆనుకుని ఒక చెక్క బడ్డీ, అందులో మనిషి ముడుచుకుని కూర్చునేంత చోటు, తల మీద తీగకు గుచ్చి వేలాడదీసిన పళ్లు కొట్టని తాళంచెవులు. గాలి వీస్తే అవి గలగలమనేవి. ఈమధ్య ఆ చప్పుడే ఎక్కువగా వినిపిస్తోంది, ఆకురాయి చప్పుడు తగ్గింది. కొత్త మేడల్లో తలుపులు వేలు ఆనిస్తే తెరుచుకుంటున్నాయట. వేలు ఎక్కడో పారేసుకుని కొత్తది చేసిపెట్టమని ఎవరూ రారు కదా.

"అన్నా, మీ అత్తారి ఊరు ఇవాళ కూడా పేపరెక్కింది." సెలూను తమ్ముడు భుజాన తువ్వాలుతో గుమ్మంలోకి వచ్చాడు. "పట్టపగలు, నిండు బస్సులో పొడిచారంట. పక్కనున్నవాళ్లు సీట్లోంచి లేవనైనా లేదంట."

"ఎందుకు పొడిచారు?"

"అది రాయలేదు. ఆ ఊళ్లో అదో పెద్ద విషయమా?" అంటూ నవ్వాడు. "నువ్వు అక్కడికెళ్తే, నువ్వు చేసే తాళాలు నీ ఇంటికే సరిపోవు."

తాళాలాయన కూడా నవ్వాడు. ఈ తమ్ముడికి ఇంకా తెలియదు, ఆ ఊరికి వెళ్లేదీ లేనిదీ ఇవాళ సాయంత్రానికల్లా బావమరిదికి చెప్పాలని.

పొద్దున్నే బావమరిది ఫోన్ చేశాడు. ఆ ఊళ్లో అతనికి ఇనప సామాన్ల కొట్టుంది.

"బావా, ఇంక నాన్చకు. కొట్టు ముందు జాగా ఇంకొకడు అడుగుతున్నాడు. సాయంత్రం దాకా ఆపుతాను. నిన్ను కాదని వాడికిస్తే అక్క నన్ను బతకనివ్వదు."

"చూద్దాంరా."

"ఏం చూస్తావు? ఇక్కడ ఒక్కో ఇంటికి మూడేసి తాళాలు బావా. నీకు ఊపిరి తీసుకునే తీరిక కూడా ఉండదు."

"అదేరా నా భయం కూడా," అన్నాడు.

అవతల బావమరిది పగలబడి నవ్వాడు. ఇతను మాత్రం నవ్వించడానికి అనలేదు.

ఆ ఊరికి అతను వెళ్లింది ఒక్కసారే, తన పెళ్లికి. బస్టాండులో దిగి మంచినీళ్లు తాగి చూసుకుంటే, చేతిలో సంచీ పిడి ఉంది, సంచీ లేదు. పెళ్లిబట్టలన్నీ అందులోనే ఉన్నాయి. ఎరువు చొక్కాతో పెళ్లి చేసుకున్నాడు. చేతులు పొడుగై, ఫోటోల్లో వేళ్ల చివరలు మాత్రమే కనిపించేవి. ఆ కథ ఇన్నేళ్లుగా ఎంతమందికి చెప్పాడో. చెప్పేకొద్దీ అది పెరిగింది. మొదట దొంగ ఒక్కడే. తర్వాత ఇద్దరయ్యారు. ఒక ఏడు వాళ్ల చేతికి కత్తి కూడా వచ్చింది. వినేవాళ్లు "అమ్మో, ఆ ఊరా!" అనేవారు. పక్కనే కూర్చున్న భార్య తలొంచుకుని గుడ్డకు బొత్తాలు కుడుతూ ఉండేది. ఆమె కుట్టుపనిలో దిట్ట. పెళ్లికి ముందు ఆ ఊళ్లో పెద్ద కుట్టు కర్మాగారంలో చేసింది. ఇక్కడ ఇంట్లో కూర్చుని పొరుగువాళ్ల బట్టలు వదులు చేయడం, బిగించడం.

పిల్లలు లేరు. ఉంటే ఏమయ్యేదో అని ఇద్దరిలో ఎవరూ పైకి అనరు.

మధ్యాహ్నం ఆమె డబ్బాతో వచ్చింది. అతను తింటున్నంతసేపూ సెలూను మెట్టు మీద కూర్చుని కళ్లజోడులోంచి వీధి చూస్తూ ఉంది. సన్నటి మనిషి, నడుము ఎప్పుడూ నిటారుగా ఉంచుకుంటుంది. డబ్బా మూత పెడుతూ అడిగింది.

"మా తమ్ముడికేం చెప్పావు?"

"ఆలోచిస్తున్నా."

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నావు."

"నీకు భయం లేదా? ఇవాళ కూడా ఎవర్నో బస్సులో..."

"విన్నాలే. ఇతని గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది." సెలూను వైపు తల ఊపింది. "ఆ చొక్కా ఎవరిదో నీకు గుర్తుందా?" అంది.

"ఏ చొక్కా?"

"పెళ్లి చొక్కా. బస్టాండు పక్కన సైకిళ్లు బాగుచేసే ఆయనది. నువ్వు ఏడుపు మొహంతో నిలబడితే, ఇంటికి తీసుకెళ్లి ఉన్నవాటిలో మంచి చొక్కా తీసిచ్చాడు. తర్వాత తిరిగిద్దామని వెళ్తే తీసుకోలేదు. ఇన్నేళ్లలో ఆయన మాట నీ కథలో ఒక్కసారి రాలేదు."

అతను చేతులు కడుక్కోవడానికి లేచాడు. కడుక్కుని కూడా నీళ్ల దగ్గరే నిలబడ్డాడు.

"ఆ ఊరు మంచిదని నేననను," అంది ఆమె వెనకనుంచి. "మా పక్కింటాయన్ని మా వీధి మలుపులోనే పొడిచారు. నాకప్పుడు పెళ్లి కాలేదు. బండి వచ్చేదాకా ఆయన తల నా ఒళ్లోనే పెట్టుకున్నా. బతికాడనుకో."

అతను తిరిగి చూశాడు. "ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెబితే దాన్నీ నీ కథలో కలిపేసుకుంటావని."

డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు కోపంగా లేదు. అదే అతనికి మరీ ఇబ్బందిగా తోచింది.

పొద్దు వాలుతుండగా పక్క వీధి నుంచి ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది. మేడ మీద అద్దెకుండే పెద్దాయన తలుపు తీయడం లేదట. పట్టపగలు కూడా గదిలో లైటు వెలుగుతూనే ఉందట. ఇంటివాళ్లు పిలుచుకు రమ్మన్నారు. తాళాలాయన సంచీ భుజాన వేసుకుని ఆమె వెంట నడిచాడు.

ఆ తలుపు చూడగానే గుర్తుపట్టాడు. కిందటి వానాకాలంలో లోపలివైపు గడియ వేసింది తనే. పెద్దాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. రోజులు బాగా లేవు, గట్టిది చూసి వేయమన్నాడు. ఉన్నవాటిలో గట్టిదే వేశాడు. వేస్తున్నంతసేపూ పెద్దాయన పక్కనే నిలబడి, మరలు బిగుస్తుంటే తృప్తిగా తలూపాడు.

తలుపు సందులోంచి రంపపు బ్లేడు దూర్చి ఆ గడియను కోయసాగాడు. తెగడం లేదు. చెమట కళ్లలోకి కారుతోంది. వెనక మెట్ల మీద జనం చేరారు. ఇంటాయన గొంతు తగ్గించి ఎవరికో చెబుతున్నాడు, "చాలా మంచి మనిషండీ. ఎవరి జోలికీ వెళ్లేవారు కాదు."

"ఎవరైనా ఉన్నారా ఆయనకి?"

"తెలీదండీ. అడగలేదు."

గడియ తెగి లోపల నేల మీద పడింది. ఆ చప్పుడుకు మెట్ల మీది మాటలు ఆగిపోయాయి. తలుపు తోశాడు.

పెద్దాయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి మెడదాకా ఉంది. చేయి ఒకటి దుప్పటి బయటికి వచ్చి, మంచం పక్కన నేలకు తగలకుండా ఆగింది. గదిలో దొంగలెత్తుకుపోదగ్గ వస్తువు ఒక్కటీ లేదు. మడిచిన బట్టలు, బోర్లించిన గ్లాసు, వెలుగుతున్న బల్బు. తాళాలాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. అతన్ని దాటుకుని ఇంటాయన లోపలికి వెళ్లి, వెంటనే బయటికొచ్చి, తల అడ్డంగా ఊపాడు.

"నిన్నో మొన్నో పోయుంటారు," అంది పిలుచుకొచ్చినావిడ. "నేను రెండుసార్లు తలుపు కొట్టాను. నిద్రపోతున్నారేమో, ఎందుకులే ఇబ్బంది పెట్టడం అనుకున్నా." అంటూ ఏడ్చింది.

ఆమెను తప్పుపట్టడానికి అతనికి మనసొప్పలేదు. తనైనా అంతే అనుకునేవాడు. ఈ ఊళ్లో అందరూ అంతే అనుకుంటారు. ఎవరి తలుపు వాళ్లది. లోపలికి వెళ్లి లైటు ఆర్పాలనిపించింది, కానీ అడుగు పడలేదు. పనిముట్లు సంచీలో వేసుకుని మెట్లు దిగాడు. చేసిన పనికి కూలి తీసుకోకుండానే దిగాడని వీధిలోకి వచ్చాక గానీ తెలియలేదు. వెనక్కి వెళ్లలేదు.

ఇంటికి వెళ్లేసరికి భార్య వాకిట్లో బట్టలు తీస్తోంది. నేరుగా అరుగు మీద కూర్చుని బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఆ జాగా ఎవరికీ ఇవ్వకు."

"నిజంగానా బావా?"

"ఊఁ."

ఆమె చేతిలో బట్టలతో అలాగే నిలబడిపోయింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట విన్న మనిషిలా లేదు. బట్టలు ఒళ్లో పెట్టుకుని, మడిచినవాటినే మళ్లీ విప్పి మడుస్తోంది.

అతను పెద్దాయన సంగతి చెప్పాడు. ఆ గడియ వేసింది తనేనని రెండుసార్లు చెప్పాడు. ఆమె అతని వీపు మీద చేయి వేసి ఉంచింది.

"దాని కోసం వద్దు," అంది చివరికి. "ఒక మనిషి పోయాడని బయల్దేరితే, అక్కడ ఒక మనిషి పోయాడని తిరిగొచ్చేస్తావు. అక్కడ పోతూనే ఉంటారు."

"మరి ఇన్నాళ్లూ వెళ్దామన్నావు."

"నేను బతకగలను. నీ సంగతే నా దిగులు. గట్టిగా అరిచి ఒక మాట అనలేవు. ఎవరైనా మీద పడితే, తోసెయ్యడానికి బదులు తప్పు నాదే అంటావు."

అతను ఒప్పుకున్నట్టు తలూపాడు. ఇద్దరూ నవ్వబోయి ఊరుకున్నారు.

చీకటి పడకముందే ఆమె తేల్చేసింది. ముందు తను వెళ్తుంది. గది చూస్తుంది, వీధి చూస్తుంది, ఆ జాగా ముందు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నిలబడి వచ్చేపోయే వాళ్లను చూస్తుంది. బాగుంటే అతన్ని రమ్మంటుంది. లేకపోతే తనే తిరిగొస్తుంది. అతను ఇక్కడి బడికి తాళాలన్నీ మారుస్తానని మాటిచ్చాడు కనక ఎలాగూ వెంటనే కదలలేడు. రాత్రికి బస్సుంది. ఒక జత బట్టలు, దువ్వెన, ఇంత తిండి సంచీలో వేసుకుంది. అతను చూస్తుండగానే సంచీ పిడిని చేతికి గట్టిగా చుట్టుకుని మరీ కట్టుకుంది. అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఆమె కూడా అతను చూశాడని గమనించనట్టే ఉండిపోయింది.

బస్సు కిటికీ దగ్గర నిలబడి, "జాగ్రత్త," అన్నాడు.

"ఎవరికి చెబుతున్నావు, నాకా, ఆ ఊరికా?"

బస్సు కదిలింది. ఆమె చేయి ఊపలేదు, రెండు చేతులూ సంచీ మీదే ఉన్నాయి. కానీ మెడ తిప్పి, మలుపు దాకా అతన్నే చూసింది. ఆమె చిన్నప్పటి ఊరే. వీధులన్నీ ఎరిగినదే. అయినా ఎన్నేళ్లయిందో. బస్సుల నంబర్లు మారుంటాయి, కొట్ల పేర్లు మారుంటాయి, ఆ సైకిళ్లాయన ఉన్నాడో లేడో.

ఇంటికొచ్చి తలుపు తీశాడు. ఎందుకో గడియ పెట్టబుద్ధి కాలేదు, దగ్గరగా వేసి ఊరుకున్నాడు. మంచినీళ్లు తాగుదామని వంటింట్లోకి వెళ్లి లైటు వేశాడు.

కిటికీ గట్టు మీద ఆమె కళ్లజోడు ఉంది. మొహం కడుక్కోవడానికి తీసిపెట్టి, హడావిడిలో మరచిపోయినట్టుంది. అది లేకుండా ఆమెకు దూరంగా ఉన్న అక్షరాలు ఆనవు, వచ్చే బస్సు మీద ఏముందో కనిపించదు. ఆ ఊళ్లో దిగగానే పక్కనున్న మనిషిని, ఎవరైతే వాళ్లను, అడగాలి.

అతను చేయి చాపి, తాకకుండానే ఆగిపోయాడు. విరిగిన కాడకు ఆమె నల్లదారం చుట్టి వేసిన ముడి, అద్దాల మీద ఇంకా ఆరని రెండు నీటిచుక్కలు.