పులుపు బిళ్ళలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది మా కొత్వాల్‌గూడ ఇంట్లో నా తోడికోడలు భాగ్యమ్మకు ఆడపిల్ల పుట్టింది. మా అత్త దుర్గవ్వ బాలింత పథ్యం పెట్టిందంటే పెట్టిందే. పూటపూటా అన్నం, వెల్లుల్లి కారం. పులుపు తగిలితే పాలు విరుగుతాయని నిమ్మకాయను గడప దాటనివ్వలేదు. మూడో నెల వచ్చేసరికి భాగ్యమ్మ చిగుళ్ల నుంచి నెత్తురు కారడం మొదలైంది.

నేనే శంషాబాద్ దవాఖానకు నడిచిపోయాను. కంపౌండర్ ముత్తయ్య తెల్లటి బిళ్ళలు పొట్లం కట్టి ఇచ్చాడు.

"నిమ్మకాయల ఉండే సత్తువే ఇది. రోజుకొకటి మింగాలె. కొందరికి పడదు, ఒంటి మీద దద్దుర్లు లేస్తే బంద్ చెయ్యి" అన్నాడు.

ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. అత్తకు తెలియకుండా తెచ్చాను, తెలియకుండానే మింగించాను. అంతవరకు నేను మంచిదాన్నే.

నాలుగో రోజు భాగ్యమ్మ ఒళ్లంతా ఎర్రగా లేచింది. అత్త చూసి చెంపలు వేసుకుంది. "తల్లి పోసింది" అని, అమ్మవారు సోకిందనుకొని గుమ్మానికి వేపమండలు కట్టి, పొయ్యి మీద పోపు బంద్ చేసి, భాగ్యమ్మను వెనక అర్రలో పడుకోబెట్టింది. పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వే సాదు రేణుకా. తల్లి దిగేదాక దీన్ని ఆ గడప తొక్కనియ్యకు."

నాకు పెళ్లయి పదకొండేళ్లు. ఒళ్లో పసిగుడ్డు నిద్రపోతే ఎంత బరువుంటుందో ఆ రోజే తెలిసింది. ఒక్క మాట చెబితే పిల్ల తల్లి దగ్గరికి పోయేది. అత్త తిట్లకు భయపడి చెప్పలేదని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. ఆమె తిట్లు నాకు కొత్త కాదు.

నేను బిళ్ళ ఇవ్వడం ఆపిన మూడు రోజులకు దద్దుర్లు అణిగాయి. తలుపు చాటు నుంచి భాగ్యమ్మ మెల్లగా పిలిచింది.

"అక్కా, బిళ్ళ ఇయ్యవా? చిగుళ్లు జర నయమైతున్నయి."

వద్దనాల్సింది. పొట్లం విప్పి ఇచ్చాను. పొద్దు గూకేలోపు మళ్లీ దద్దుర్లు లేచాయి. ఇంకో వారం అంది అత్త. నేను ఉగ్గుగిన్నెతో మేకపాలు పోస్తూ పిల్లకు నా గొంతు అలవాటు చేశాను. అంత పాపిష్టి పని ఎట్లా చేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

వేపమండలు కట్టిన తొమ్మిదో రోజు అత్త పెరుగన్నం కలుపుకొని వెనక అర్రలోకి పోయి, "ఏం తప్పు చేసినమో చెప్పు తల్లీ" అని కోడలి కాళ్లకు మొక్కింది. గడప ఇవతల ఉన్న నన్నూ మొక్కమంది. గోడకు ఒరిగి కూర్చున్న భాగ్యమ్మ నా మొహం చూడలేదు, నా చంకలో ఉన్న పిల్లనే చూస్తోంది. నా నడుము వంగలేదు. కొంగున కట్టుకున్న పొట్లం తీసి అత్త ముందు పెట్టాను.

"తల్లి గాదత్తా. గీ బిళ్ళలు పడక లేసినయి. పులుపు బిళ్ళలు. తెలిసి తెలిసి మల్ల ఇచ్చిన. పిల్ల నా దగ్గర్నే ఉండాలని ఇచ్చిన."

అత్త పిల్లను నా చంకలోంచి తీసుకొని భాగ్యమ్మ ఒళ్లో వేసింది. భాగ్యమ్మ ఆత్రంగా రొమ్ముకు అదుముకుంది. పిల్ల రెండు గుక్కలు పీల్చి మొహం తిప్పుకుంది. ఇన్ని రోజులు తాపక పాలు ఇంకిపోయాయి. గుక్కపట్టి ఏడ్చింది. ఊరుకోబెడదామని నేను నోరు తెరిచేసరికి నా గొంతు వినబడ్డ వైపుకు తల తిప్పింది.

భాగ్యమ్మ లేచి వచ్చి పిల్లను నా ఒళ్లో పెట్టింది.

"ఆకలి మీదున్నది. నువ్వే తాపు అక్కా" అంది.

ఉగ్గుగిన్నె తెచ్చి నా చేతికిచ్చింది కూడా ఆమే.