ఐ అడ్మైర్ యూ, వసంతా

పెనం మీద దోసె తిరగేస్తుంటే రమాకాంత్ వచ్చి వంటింటి గుమ్మానికి చేరగిలబడ్డాడు. "ఐ అడ్మైర్ యూ, వసంతా" అన్నాడు. పళ్లెం ఖాళీ అయిందని దాని అర్థం. వసంతలక్ష్మి మరో దోసె వేసింది. ఆయన దాన్ని కూడా అడ్మైర్ చేసుకుంటూ హాల్లోకి వెళ్లిపోయాడు.

ఆ మాట ఆ ఇంటికి మొన్నమొన్ననే వచ్చింది. ఆఫీసువాళ్లు శిక్షణ పేరుతో రిసార్టుకి తీసుకెళ్లినప్పుడు, భార్యని రోజూ మెచ్చుకుంటే సంసారం సాఫీగా సాగుతుందని ఎవడో కోటు మహానుభావుడు నూరిపోశాడట. అంతకుముందు ఈయనగారు కుర్చీలోంచి "కాఫీ" అని కేకేసేవాడు. ఇప్పుడు అదే కుర్చీలోంచి "నీ కాఫీని ఎంత అడ్మైర్ చేస్తానో తెలుసా" అంటున్నాడు. మోకాళ్ల నొప్పులతో వాళ్లమ్మ లేవలేకపోతే ఆసుపత్రుల చుట్టూ తిప్పింది వసంత. ఆ ఓర్పుని అడ్మైర్ చేసింది ఆయన. కొడుకు వినీత్‌కి లెక్కల్లో మార్కులు తగ్గితే పక్కన కూర్చుని చెప్పింది వసంత. ఆ శ్రద్ధని అడ్మైర్ చేసిందీ ఆయనే. పనిమనిషి మానేసింది, ఇంకొకరిని చూడండి అని అడిగితే, "నువ్వుండగా ఇంకో మనిషెందుకోయ్!" అని భుజం తట్టాడు. ఆ తట్టిన చేత్తో ఒక్క గిన్నె తోమితే ఆయన సొమ్మేం పోయింది?

అత్తగారు వెంకటలక్ష్మికి ఇంగ్లీషు రాదు గానీ ఆ విద్యలో ఆవిడ కొడుక్కే గురువు. "మా కోడలు బంగారమమ్మా, నోరెత్తదు" అని హయత్‌నగర్‌లో ఉన్న చుట్టాలకి ఫోన్లో చెబుతుంది. అదీ కోడలు వినేలా, సరిగ్గా కోడలు ఏదో అడగబోయే ముందు చెబుతుంది. ఇక అడగడానికి నోరెలా వస్తుంది? పెళ్లయిన కొత్తలో ఆ మాట వింటే వసంతకి కడుపు నిండిపోయేది. సిగ్గులేని రోజులు! తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

ఈమధ్య ఆమె మనసంతా ఒకే విషయం మీద ఉంది. ఇబ్రహీంపట్నంలో తను ఇంగ్లీషు చెప్పే ప్రైవేటు బడిలో వైస్ ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ అయింది. నిజానికి ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్నది తనే. టైంటేబుల్ తనే వేస్తుంది, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకి తనే పరుగెడుతుంది, పేరెంట్స్ గొడవకొస్తే తనే సర్దుతుంది. కుర్చీలో కూర్చునే పేరు మాత్రం ఎప్పుడూ ఇంకొకరిది. ఈసారి బిడియం పక్కనపెట్టి కరస్పాండెంట్ పరమేశ్వర్ రెడ్డి గదిలోకి వెళ్లి నాకు కావాలని అడిగేసింది. "మీరు గాక ఇంకెవలున్నరు మేడం? ఫికర్ చెయ్యకున్రి" అన్నాడాయన. ఇంటికొచ్చి చెబితే రమాకాంత్ కళ్లు పెద్దవి చేసి, నీ పట్టుదలని అడ్మైర్ చేస్తున్నానన్నాడు. అత్తగారు "సాయంత్రాలు ఆలస్యమవుతుందేమో కదే" అని ఊరుకుంది. అంతే, తర్వాతి వారం నుంచి పరమేశ్వర్ రెడ్డి ఎదురుపడితే నవ్వేసి తప్పుకుంటున్నాడు. తనలో ఏం లోపం కనబడిందోనని ఆమె లోలోపల కుమిలిపోయింది.

అలాంటి రోజుల్లోనే ఎనిమిదో తరగతి పాఠంలో ఈ అడ్మైర్ క్రియే తగిలింది. ఎక్కడికెళ్లినా వదలవే నువ్వు అనుకుంటూ, ఎవరిని అడ్మైర్ చేస్తారో, ఎందుకో చెప్పమని పిల్లల్ని అడిగింది. రితేష్ వాళ్ల నాన్న వరికోత మిషన్ కొన్నాడట. ఒకడి తాత సర్పంచ్‌గా గెలిచాడట. తర్వాత అమ్మలు వచ్చారు. ఒకమ్మాయి వాళ్లమ్మ అందరూ తిన్నాకే తింటుందట. ఇంకొకడి అమ్మ జ్వరమొచ్చినా పడుకోదట. మరొకరి అమ్మ పిల్లల కోసం బ్యాంకు ఉద్యోగం వదిలేసిందట. ప్రతిదానికీ క్లాసంతా చప్పట్లు. అలవాటుగా తనూ చేతులెత్తింది వసంత, ఎత్తినవి అలాగే ఆగిపోయాయి. మగవాళ్లకి ఏదో సాధించినందుకు మెప్పు. ఆడవాళ్లకి తిననందుకు, పడుకోనందుకు, వదిలేసినందుకు. ఛీ, ఇదేం మెచ్చుకోలు! ఆకలితో ఉన్నదానికి చప్పట్లు కొట్టే బదులు ఒక కంచం పెట్టి కూర్చోమనొచ్చు కదా.

చివర్లో, రోజూ మంచాల అనే ఊరి నుంచి బస్సులో వచ్చే లిఖిత లేచింది. "మేడం, నేను గూడ మా అమ్మనే అడ్మైర్ జేస్త. అమ్మ పేరు మీదున్న భూమి ప్లాట్లకు అమ్ముదమని మా పెద్దబాపు కాయితాలు తెచ్చిండు. మా అమ్మ సంతకం పెట్టలే. ఇంట్ల అందరు తిడుతున్నరు."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వసంత ఒక్కతే, అరచేతులు మండేలా కొట్టింది.

ఆ వారంలోనే మహిళా దినోత్సవం వచ్చింది. ఆడ టీచర్లందరూ ఒకే రంగు చీరలు కట్టుకుని, కుంకుమ పళ్లేలు పట్టుకుని గేటు దగ్గర ఎండలో నిలబడ్డారు. మగ టీచర్లు షామియానా కింద కూర్చుని కూల్‌డ్రింకులు తాగారు. మహిళా దినోత్సవం మరి! సన్మానం వసంతకన్నారు. ఆ బడిలో ఒక ఆనవాయితీ ఉంది. ఆడ టీచరుకి శాలువా కప్పాలంటే భర్తని పక్కన నిలబెట్టి ఆయనకీ ఒకటి కప్పాలి, లేకపోతే మర్యాద కాదట. మగ టీచర్ల సన్మానానికి భార్యలెక్కడున్నారని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. పిలుపు అందడమే ఆలస్యం, రమాకాంత్ ఇస్త్రీ లాల్చీలో వేదిక ఎక్కేశాడు.

ఇద్దరికీ శాలువాలు కప్పి పరమేశ్వర్ రెడ్డి మైకు అందుకున్నాడు. పొగడటం మొదలుపెడితే ఆయనకి ఎక్కడ ఆగాలో తెలియదు. "మేడంను వైస్ ప్రిన్సిపాల్ జేద్దమనుకున్న. సారు మా ఇంటికొచ్చి చెప్పిన్రు, అమ్మకు పానం మంచిగ లేదు, మేడంకు ఇల్లే ముఖ్యం, గీ పదవి వద్దంటున్నదని. ఇంటి కోసం పదవి ఇడిసిపెట్టుడు చిన్న ముచ్చట గాదు. గిసొంటి ఆడోళ్లు మస్తు తక్కువ! జర గట్టిగ చప్పట్లు కొట్టున్రి!"

వసంత పక్కకి చూసింది. రమాకాంత్ వినయంగా తలవంచుకుని శాలువా సర్దుకుంటున్నాడు. తన నోటి ముందు కూడు లాగేసి, ఉపవాసం ఉందని ఊరంతా చెప్పి, దానికి శాలువా కూడా కప్పించుకున్నాడు ఈ మనిషి. ఇన్నేళ్లలో ఆయన మీద కోపం వచ్చింది, జాలి వచ్చింది. అసహ్యం రావడం మాత్రం ఇదే మొదటిసారి, వచ్చాక చిత్రంగా భయం పోయింది.

తన మీది శాలువా తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది. మైకు అడిగి తీసుకుంది.

"సార్, నేను వద్దనలేదు. నాకా ఉద్యోగం కావాలి. ఇంటి కోసం ఉద్యోగం వద్దనుకోవాలంటే మా ఆయన్ని ఆయన ఉద్యోగం వద్దనుకోమనండి."

వెనక వరసల్లో పిల్లల తల్లులెవరో పకపకా నవ్వారు. పరమేశ్వర్ రెడ్డి బిత్తరపోయాడు. "గట్లనా? మరి సారేమో... మీరిద్దరు ఇంట్ల మాట్లాడుకోని..."

"ఇంట్లో మాట్లాడేదేం లేదు సార్. ఇస్తారా, ఇవ్వరా?"

అందరూ వింటున్నారు. ఆయన మెడ రుద్దుకున్నాడు. "అయ్యో, ఇయ్యకేంది మేడం! మీరొస్తనంటే నాకేం ఫికర్? రేపటి నుంచే ఆ కుర్చీల కూసోన్రి."

పెద్ద అంబర్‌పేట్‌లోని ఇంటికి కారులో తిరిగొస్తున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు కనబడ్డాక రమాకాంత్ అందుకున్నాడు.

"అంతమందిలో నా పరువు తీశావు. అమ్మ గురించి ఆలోచించే కదా చెప్పాను? అమ్మకి ఎవరు చేస్తారనుకున్నావు?"

"ఆవిడ కొడుకు చేస్తాడు."

"అంత మాటన్నావా! నేను నిన్ను ఎంత అడ్మైర్ చేస్తానో నీకు తెలీదూ?"

"తెలుసండీ" అంది వసంతలక్ష్మి, కిటికీ అద్దం దించుకుంటూ. "అందుకే ముందుగా చెబుతున్నాను. ఇకమీదట మీరు అడ్మైర్ చేసే పని ఒక్కటి కూడా నేను చెయ్యను."