క్యూబుల మాలు

"ఏమే రూతూ, క్యూబుల మాలు కలిపావా?" కాంట్రాక్టరు జగన్నాథరావు కేక మిక్సరు రొదలోంచి వినపడింది.

"ఆయ్, కలుపుతున్నానండి," అంది రూతు. పార మాత్రం కదల్లేదు.

పేటలో కడుతున్న తుఫాను షెల్టరుకి ఆ రోజు శ్లాబు. శ్లాబుకి పోసే కాంక్రీటు మాలులోంచే కాస్త తీసి ఇనుప పెట్టెల్లో నింపి, గట్టిపడ్డాక ఆ దిమ్మలు, అంటే క్యూబులు, ఎంత బరువుకి పగులుతాయో కాలేజీలో చూస్తారు. అది రూలు. మరి ఆనవాయితీ? పెట్టెల కోసమని ఓ మూల సిమెంటు దండిగా వేసి వేరే కలపడం. పెళ్లివారికి విడిగా గడ్డపెరుగు దాచినట్టన్నమాట! ఆ కలిపే చెయ్యి ఎప్పుడూ రూతుదే. అందరూ చేసేదే కదా అని ఆవిడ ఏనాడూ పట్టించుకోలేదు.

పొద్దున్న కాలేజీ లెక్చరరు హేమశ్రీ వచ్చి చెప్పిన మాట చెవినపడ్డప్పట్నుంచీ మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు.

"మీ పాత క్యూబుల ఫలితాలన్నీ కంప్యూటరుకిచ్చామండి. పిల్లలు చూసి నేర్చుకున్నట్టు ప్రోగ్రామే నేర్చుకుంటుంది. ఇంత సిమెంటుకి ఇంత బలమని అదే చెబుతుంది. మీ కాంక్రీటు అవసరానికి మించి గట్టిగా ఉందంటోంది. సిమెంటు కొంచెం తగ్గించినా పరవాలేదండి."

జగన్నాథరావు మొహం చేటంతయింది. "కంప్యూటరు అబద్ధమాడదు కదండీ!" అంటూ అప్పటికప్పుడే మిక్సరులో పడే సిమెంటుకి కోత పెట్టించాడు.

అబద్ధమాడదు, సరే. అబద్ధం తినిపిస్తే? తినిపించింది తన పారే కదా! మూడేళ్ల కిందట తొంభైఆరు తుఫానులో తాటాకిల్లు ఎగిరిపోతే, చంటిదాన్ని పొట్టకి కరుచుకుని చర్చి గోడవార రాత్రంతా తడిసింది రూతు. మళ్లీ ఆ గాలి లేస్తే పేటంతా తలదాచుకునేది ఈ శ్లాబు కిందే. నోరు విప్పితే అరవై రూపాయల కూలి పోతుంది. విప్పకపోతే?

"కలపవే! మేడంగారు వెళ్లాలి!"

రూతు తట్ట అందుకుంది. మూలనున్న సిమెంటు బస్తాకేసి వెళ్లలేదు. మిక్సరు కింద, పైకెళ్లడానికి సిద్ధంగా ఉన్న మాలు ఎత్తుకొచ్చి, పెట్టెలు నింపించుకోవడానికి ఆగిన హేమశ్రీ కళ్లముందే పెట్టెలో కుమ్మరించింది.

"అదేంటే! అది శ్లాబు మాలు!" నోరు జారాడు జగన్నాథరావు.

హేమశ్రీ ఉలిక్కిపడింది. "క్యూబులకి వేరే మాలుంటుందా?"

"ఇన్నాళ్లూ ఉందండి. నా సేత్తోనే కలిపేనండి. ఇక కలపనండి," అంది రూతు.

"రేపట్నుంచి పనిలోకి రాకు!" జగన్నాథరావు అరిచాడు.

"రానండి. తుపానొత్తే మాత్రం పిల్లల్నేసుకుని ఇక్కడికే కదండీ రావాల!"

మిక్సరు తిరుగుతూనే ఉంది. మాలు తట్టలు పైకెళ్లే నిచ్చెనకి అడ్డంగా వెళ్లి కూచుంది రూతు.